ఊపిరికి ముందు

పొయ్యి ఎంతకీ రాజుకోనంటోంది. వాట్‌గంజ్‌లోని ఆ ఇరుకు సందులో మిగతా ఇళ్ల పొయ్యిలన్నీ అప్పటికే వీధిలోకొచ్చి పొగలు కక్కుతున్నాయి. జనవరి మంచూ బొగ్గుపొగా కలిసి రేవు వైపు గోడను పూర్తిగా మింగేశాయి. దయానందం గొంతుక్కూర్చుని అట్టముక్కతో విసురుతూ, దగ్గుతూ, కింద పిడకముక్కను ఇంకాస్త లోపలికి తోశాడు. సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కొంచెం వంగిన మనిషి. చేతులు మాత్రం ఆ ఒంటికి తగ్గవి కావు. వెడల్పాటి అరచేతులు, దళసరెక్కిన గోళ్లు. ఏళ్ల తరబడి ఆసిడ్‌తో గాజుసామాను కడిగి కడిగి వేళ్ల చివర్లు పొగాకు రంగుకి తిరిగిపోయాయి.

లోపల కాంతం మంచం మీద దిండ్లకి చేరగిలబడి ఉంది. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే కాళ్లకి నీరు. గుండె కవాటం పాడైందని డాక్టరు చెప్పి రెండేళ్లు దాటింది. ముఖం చిక్కి పెద్ద కళ్లు మరీ పెద్దవయ్యాయి. ఆ కళ్లతోనే గుమ్మంలోంచి భర్త వీపుని చూస్తూ అడిగింది.

"నిన్న ఆ బుడ్డీలో ఏటైనా కదిలిందేటి?"

దయానందం వెనక్కి తిరగలేదు. "ఏటి కదుల్తాది? టీనీళ్లలాగున్నాది. అంతే."

"వారం దాటిపోనాది కదా. ఎప్పుడు కదుల్తాదో మీ సారుని అడక్కపోయినావా?"

"కదల్దే! అదేటి సేపల బుడ్డీ అనుకున్నావా?" అట్టముక్క విసిరికొట్టాడు. "ఎన్నిసార్లు సెప్పాల? నీకు సెప్పడం నాది బుద్ధితక్కువ. నువ్వెళ్లి దాలమ్మకి సెప్పడం, అది కుళాయికాడ ఊరందరికీ సెప్పడం. ఆదోరం గుడిలో ఏటయిందో నీకేటి తెల్సు?"

కాంతానికి తెలుసు. దాలమ్మ పక్కింటి మనిషి. పగలంతా కాంతాన్ని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. గుడిలో ఏమైందో ఆదివారం మధ్యాహ్నమే ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పేసింది.

అయినది పెద్ద సంగతేమీ కాదు. ఖిదిర్‌పూర్ తెలుగు క్రైస్తవ సంఘానికి పాస్టరుగా మూడేళ్ల కిందట బొబ్బిలి నుంచి వచ్చిన కృపాకర్ అయ్యగారు, ఆ వారం ప్రసంగం మధ్యలో ఆగి, "దేవుడు మట్టిలో ఊదిన జీవాన్ని గాజుబుడ్డిలో వండి తీస్తామనేవాళ్లు ఈ పట్నంలోనే ఉన్నారు. వాళ్లకి పొయ్యి ఎగదోసేవాళ్లు మనలోనే ఉన్నారు" అన్నాడు. పేరెత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. బెంచీల మీద తలలన్నీ గాలికి తిరిగిన వరిదుబ్బుల్లా దయానందం వైపు తిరిగాయి. అతనప్పుడు ప్రభువు బల్ల పక్కన, తెల్ల గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ సంఘంలో నెలకోసారి రొట్టె కోసేది, చిన్న చిన్న గాజు గిన్నెల్లో ద్రాక్షరసం పోసేది, అవన్నీ మళ్లీ కడిగి పెట్టెలో సర్దేది అతనే. మనిషికి పనిచేసే కాలేజీలో పేరు లేదు, ఉండే వీధిలో లేదు. ఆ బల్ల దగ్గరే కాస్త ఉంది.

ఈ సాయంత్రం సంఘం పెద్దలు రమ్మన్నారు.

అన్నం వార్చి, పప్పుగిన్నె కాంతానికి అందేలా బల్ల మీద పెట్టి, చొక్కా మీద పాత కోటు తొడుక్కున్నాడు. గుమ్మం దిగుతుంటే వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది.

"అడిగిరా. నవ్వితే నవ్వుతాడు."

*

ఖిదిర్‌పూర్ ట్రాము మైదానం మధ్యలో ఆగిపోయింది. తీగలో కరెంటు లేదు. మంచులో గడ్డి మేస్తున్న మేకలు తప్ప కనుచూపు మేరలో ఏమీ లేదు. కండక్టరు దిగి బీడీ ముట్టించాడు. ఎక్కినవాళ్లు కరెంటు కంపెనీనీ, మంత్రుల్నీ, ఎదురుగా కనిపిస్తున్నాడు కాబట్టి డ్రైవర్నీ తిట్టుకుంటూ నడక మొదలుపెట్టారు. దయానందం కూడా నడిచాడు. కాలేజీ స్ట్రీట్ చేరేసరికి హాజరు పట్టీలో ఎర్రగీత పడిపోయింది.

రసాయన శాఖ మెట్ల దగ్గర తనలాగే గాజుసామాను కడిగే ఇంకో బేరరు హరిపదో ఎదురయ్యాడు. రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"కీ దొయాదా, బాచ్చా హొలో?"

బిడ్డ పుట్టిందా అని. ఆ బుడ్డి మొదలెట్టిన నాటి నుంచీ అదే వేళాకోళం. హరిపదో చెడ్డవాడు కాడు. కాంతం కోసం ఒకసారి ఆసుపత్రి వరసలో సగం పూట నిలబడ్డవాడు. అతనికేం తెలుసు? దయానందం రోజూలాగే పళ్లు బిగించి నవ్వి, మెట్లెక్కాడు.

మూల గదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంది ఆ సరంజామా. రెండు గాజుబుడ్లు, వాటిని కలుపుతూ చుట్టూ తిరిగే గొట్టాలు. కింది బుడ్డిలో నీళ్లు మరుగుతుంటాయి. ఆవిరి పైబుడ్డిలోకి పోతుంది. అక్కడ మీథేను, అమ్మోనియా, హైడ్రోజను నింపి ఉంచారు. రెండు లోహపు ముళ్ల మధ్య చిటచిటమంటూ నీలం రవ్వ ఎగురుతూనే ఉంటుంది. అది మెరుపు అన్నమాట. కింది నీళ్లు సముద్రం. పైది ఆకాశం. భూమి మీద ఏ ప్రాణీ లేని కాలంలో ఇలాగే ఉండేదట. అమెరికాలో ఎవరో ఇరవై ఏళ్ల కిందటే చేసి, ప్రాణుల శరీరాల్లో ఉండే పదార్థాలు కొన్ని ఆ నీళ్లలో తేలడం చూశారట. భానుమూర్తి సారు దానికి ఇంకొకటి కలిపాడు. గంగ ఒండ్రుమట్టి. దయానందమే రేవు మెట్ల దగ్గర నుంచి తెచ్చాడు. దాన్ని ఎర్రగా కాల్చి, చల్లార్చి, చిటికెడు నీళ్లలో వేశారు. మట్టి సంగతి కూడా గుడికి చేరింది. ఆ మట్టే అందరినీ ఎక్కువ భయపెట్టింది.

భానుమూర్తిది కాకినాడ. నలభై నిండని లెక్చరరు. బట్టతల, దళసరి కళ్లద్దాలు, చొక్కా జేబు దగ్గర ఎప్పుడూ సిరామరక. జనరేటరు కావాలని నాలుగు నెలలుగా అడుగుతున్నాడు. ప్రతిసారీ ఏదో ఒక కమిటీ పేరు చెప్పి తిప్పి పంపుతున్నారు. దయానందం వెళ్లేసరికి ఆయన బుడ్డి ముందు ముక్కు ఆనించేటంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు.

"రంగు చిక్కబడింది చూశావా?" అన్నాడు, ఆలస్యం సంగతి ఎత్తకుండా. "ఇంకో రెండు రోజులు కరెంటు దయ తలిస్తే చాలు."

దయానందం చూశాడు. నీళ్లు ఇటుకరంగులోకి తిరిగాయి. ఆవిరి గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా జారుతోంది. అతను స్టూలు లాక్కుని తన చోట కూర్చున్నాడు. అతని పని ఒకటే. కరెంటు పోయిన వెంటనే రవ్వ స్విచ్చి ఆర్పెయ్యాలి. లోపలికి ఏ సందులోంచైనా గాలి చేరి ఉంటే, కరెంటు తిరిగొచ్చినప్పుడు దానంతటది రవ్వ ఎగిరి బుడ్డి పేలిపోతుంది. అందుకని రోజంతా ఆ నీలం రవ్వని చూస్తూ కూర్చోవాలి. కళ్లు మూసుకున్నా రెప్పల వెనక అదే ఎగురుతుండేది.

మధ్యాహ్నం దాటాక కరెంటు పోయింది.

వీధిలోంచి, పక్క హాస్టలులోంచి ఒక్కసారిగా "లోడ్‌షెడ్డింగ్!" అని అరుపులు లేచాయి. దయానందం ఒక్క అంగలో స్విచ్చి ఆర్పాడు. రవ్వ పోయింది. నీళ్లు కాసేపు గునిసి, సద్దుమణిగాయి. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. భానుమూర్తి కిందికి ఫోను చెయ్యడానికి పరుగెత్తాడు. ఫోనూ పలకలేదు.

వెలుతురు తగ్గుతోంది. గాజు చల్లబడుతోంది. కిటికీ విరిగిన అద్దం చోట అట్ట అంటించారు గాని, దాని అంచుల్లోంచి చలిగాలి వస్తూనే ఉంది. దయానందం కోటు విప్పి బుడ్డి చుట్టూ కప్పుదామని లేచాడు. రెండడుగులు వేశాడో లేదో, ఠక్ మని వినిపించింది. గోటితో కొబ్బరిచిప్ప మీద కొట్టినంత చిన్న చప్పుడు.

పైబుడ్డి మెడ దగ్గర వెంట్రుకంత చీలిక.

భానుమూర్తి వచ్చి చూశాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత పక్కనున్న స్టూలుని కాలితో తన్నాడు. అది వెళ్లి గోడకి కొట్టుకుంది.

"మూడోసారి," అన్నాడు. "మూడోసారి! ఈ ఊళ్లో మెరుపు కూడా కరెంటాఫీసు వాళ్ల దయే. నీళ్లు కాచి పడుకున్నా ఇంతకంటే సుఖం. కిటికీలు తెరువు. ఎవరూ అగ్గిపుల్ల గియ్యకుండా చూడు. అదంతా తీసి పారబోసెయ్."

దయానందం కిటికీలు తెరిచాడు. వాయువులు పోయేదాకా ఆగి, గొట్టాలు విప్పి, కింది బుడ్డిని రెండు చేతులతో పట్టుకుని తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. లోపల ఇటుకరంగు నీళ్లు, అడుగున మట్టి. అమ్మోనియా ఘాటు ముక్కు పుటాలు కొరికేస్తోంది. బుడ్డి వంచబోయి ఆగిపోయాడు.

"ఏమిటి నిలబడిపోయావు?"

"సార్, ఒక్క మాట." గొంతు సవరించుకున్నాడు. "ఇందుల పేణం ఉన్నాదా?"

భానుమూర్తి నవ్వలేదు. ఆ పూట నవ్వే ఓపిక ఆయనకి లేదు. "లేదయ్యా. ఉంటే గింటే ఇటుకలుంటాయి. ఇటుకల కుప్పని ఇల్లంటామా?"

"ఇల్లెప్పుడవుతాది సార్?"

"అది తెలిస్తే నేనిక్కడెందుకుంటాను?" ఆయన కళ్లు నులుముకున్నాడు. "గోడ ఎంత లేస్తే ఇల్లు? కప్పు వేస్తేనా, తలుపు పెడితేనా? ఇదిగో ఇక్కణ్నుంచి ప్రాణం, ఇవతల ప్రాణం కాదు అని గీత గియ్యడానికి మెట్టేమీ లేదు, దయానందం. వాలు ఉంది. మెల్లిగా ఎక్కుతూ ఎక్కుతూ ఎక్కడో ఉంటాం. అంతే మాకు తెలిసింది."

"ఊపిరందినప్పుడు కాదా సార్? ఊపిరొస్తేనే గదా పేణం?"

"ఊపిరా?" భానుమూర్తి విసుగ్గా చెయ్యి ఊపాడు. "ఊపిరి నిన్నమొన్న వచ్చింది. ప్రాణులు పుట్టిన కొత్తలో పీల్చడానికి ఆమ్లజని ఎక్కడిది? లేదు. ఉంటే ఈ పదార్థాలన్నీ తగలబడిపోయి ఉండేవి. ఊపిరన్నదే ఎరగని ప్రాణులు కోటానుకోట్ల ఏళ్లు బతికాయి ఈ భూమ్మీద. మన పుట్టుకంతా వాటినుంచే."

దయానందం బుడ్డిని తొట్టి అంచు మీద ఆనించాడు. నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి.

"బతికినట్టే నెక్కా సార్, అవి? ఊపిరి లేకపోయినా?"

"బతక్కపోతే మనమెలా వచ్చాం? ఎందుకడుగుతున్నావు?"

చెప్పాలనే నోరు తెరిచాడు. కాని భానుమూర్తి అప్పటికే కిటికీ వెలుగులోకి కుర్చీ జరుపుకుని, జనరేటరు కోసం మళ్లీ ఒక అర్జీ రాయడం మొదలుపెట్టాడు. కలం కాగితాన్ని చీల్చేటంత గట్టిగా నడుస్తోంది.

"ఏటీ లేదు సార్," అన్నాడు దయానందం.

బుడ్డి వంచాడు. నీళ్లు గొట్టంలోకి గుటకలు వేస్తూ దిగిపోయాయి.

*

ముప్ఫై ఏళ్ల కిందటి యుద్ధం రోజులవి. జపాను వాళ్లు ఖిదిర్‌పూర్ రేవు మీద పట్టపగలు బాంబులు వేసిన డిసెంబరు. కాంతం నిండు నెలలతో ఉంది. సైరను మోగగానే వాట్‌గంజ్ జనమంతా ఎటు వీలైతే అటు పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఆమె ట్రాము పట్టాల మీద బోర్లా పడింది. ఆ తర్వాత కొద్ది రోజులకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. తలనిండా జుట్టు. మంత్రసాని తలకిందులు చేసి వీపు మీద ఎంత చరిచినా ఏడవలేదు.

సమాధి ప్రార్థన అడగడానికి దయానందం అప్పటి అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. ఆయన మంచి మనిషే. పెద్దలతో మాట్లాడి చెప్పాడు. దేవుడు మట్టిబొమ్మ ముక్కులో ఊపిరి ఊదాక గదా అది జీవాత్మ అయింది. ఊపిరి అందని బిడ్డకి ప్రార్థన లేదు, పేరు లేదు, గోడ లోపల చోటు లేదు. దయానందం ఆ మూటని సమాధుల తోట గోడ బయట, అడిగి తెచ్చుకున్న బొగ్గుపారతో తవ్వి పెట్టాడు. కొన్నాళ్ల తర్వాత ఆ చోట లారీల షెడ్డు లేచింది. అంతవరకూ కాంతం ఆదివారం గుడి వదలగానే గోడ అవతలికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చేది.

తర్వాత పిల్లలు పుట్టలేదు. ఏళ్లు గడిచినా, అది కడుపులో తన్నేదని చెప్పి ఆమె ఒకే ప్రశ్న అడిగేది. అది బతికిందంటావా, బతకలేదంటావా? ఒకప్పుడు నెలకోసారి, తర్వాత ఏడాదికోసారి. దేవుడికి తెలుసు అనేవాడు దయానందం. సారు బుడ్డి పెట్టాడని తెలిసిన రోజున మాత్రం ఆమె మంచం మీద నిటారుగా లేచి కూర్చుంది.

*

గుడిలో రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కరెంటు ఇంకా రాలేదు. కృపాకర్ అయ్యగారు శాలువా కప్పుకుని ముందు బెంచీ మీద ఉన్నాడు. పక్కన ముగ్గురు పెద్దలు. అందులో గురువులు అనే ఆయన అందరికంటే ముసలివాడు. ఒకప్పుడు రేవులో సరుకులెత్తే యంత్రం నడిపినవాడు. ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడక, మాట్లాడేవాళ్ల పెదవులు చూస్తుంటాడు.

"కూర్చోండి దయానందంగారూ," అన్నాడు అయ్యగారు. గొంతులో కోపం లేదు. ఆదివారం నాటి మాటకి కొంచెం సిగ్గుపడుతున్నట్టే ఉన్నాడు. "సైన్సు చదవొద్దని నేను ఎవరికీ చెప్పను. మీ పొట్టకూడు అది. కాని మన కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు రావడం మానేశారు. ఏమిటర్రా అంటే, మీ బల్ల దగ్గరి పెద్దాయనే అక్కడ మట్టి కలిపి జీవం చేస్తున్నాడు గదా అంటున్నారు. నేనేం జవాబు చెప్పను? జీవం దేవుడి ఊపిరి. అది నమ్మని చేతులతో ఆ రొట్టె ముట్టకూడదు."

"నాను సేసేది బుడ్లు కడగడం అయ్యగారూ."

"తెలుసు. వేరే గదికి మార్చమని అడగండి. అంతే మేం కోరేది."

ఇంకో రోజైతే దయానందం తలూపి వచ్చేసేవాడు. ఎన్నో ఏళ్లుగా అలాగే వచ్చాడు. కాని ఆ రోజు ట్రాము ఆగింది, బుడ్డి పగిలింది, పొద్దున తిన్న నాలుగు మెతుకులు ఎప్పుడో అరిగిపోయాయి.

"ఊపిరే పేణమైతే, నా కూతురేటి అయ్యగారూ?"

కృపాకర్ అర్థంకానట్టు చూశాడు. "మీకు కూతురుందా?"

దయానందం గురువులు వైపు చూశాడు. ముసలాయన అతని పెదవుల మీంచి చూపు తప్పించి, కొవ్వొత్తి వైపు తిప్పుకున్నాడు.

"గురువులుగారిని అడగండి. అప్పుడు పెద్దల్లో ఆయనున్నాడు. ఊపిరి పీల్చలేదు గాబట్టి పేరు ఒద్దన్నారు, పార్దన ఒద్దన్నారు. గోడవతల పాతిపెట్టినాను, కుక్కపిల్లని పాతినట్టు. ఇయ్యాళ మా సారు సెప్పినాడు. ఊపిరి లేని జీవాలు కోట్ల ఏళ్లు బతికినాయంట. దేవుడు సెయ్యకుండానే బతికినాయేటి? ఆటికి ఊపిరి ఊదడం మరిసిపోయినాడేటి?"

"అప్పుడు అలాగుండీది రూలు, దయానందం," అన్నాడు గురువులు, కొవ్వొత్తితో అన్నట్టు.

"ఎవుడి రూలు?"

కృపాకర్ గురువులు వైపు తిరిగి, మళ్లీ దయానందం వైపు తిరిగాడు. ఆయన మొహంలో రంగు మారింది. "నాకు తెలియదు," అన్నాడు. "ఆ బిడ్డ సంగతి నాకు నిజంగా తెలియదు. వాక్యంలో వెతుకుతాను. ప్రార్థన చేస్తాను."

పొద్దున్నుంచి ఇది రెండోసారి. సారుకీ తెలియదు, అయ్యగారికీ తెలియదు. ఆయన విసుగ్గా చెప్పాడు, ఈయన మెత్తగా చెప్పాడు. ఎవరికీ తెలియని సంగతిని అప్పటివాళ్లు అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు?

"మరి బల్ల?" అని గొణిగాడు పెద్దల్లో ఒకాయన.

"ఈ నెలకి గురువులుగారు నిలబడతారు," అన్నాడు అయ్యగారు, నేల చూపులు చూస్తూ. "ఆ తర్వాత చూద్దాం."

దయానందం లేచాడు. వందనాలు చెప్పకుండా గుడి మెట్లు దిగడం అతని జీవితంలో అదే మొదలు.

*

ఇంటికొచ్చేసరికి దాలమ్మ లాంతరు వత్తి సర్దుతోంది. "పొద్దుటేల తిన్నదే. మళ్లా ఏటీ ముట్టలేదు," అని చెప్పి, వాళ్లిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయింది.

కాంతం ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. పెదవుల మీద నీలిచార. కాళ్లు చల్లగా ఉన్నాయంటే దయానందం నీళ్లు కాచి, రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి ఆమె మడమల కింద పెట్టాడు. మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అడిగినావా?"

"అడిగినాను."

అంతా చెప్పాడు. బుడ్డి పగలడం, ఇటుకలు, మెట్టు కాదు వాలు అనడం. ఊపిరి లేని ప్రాణుల దగ్గరికొచ్చేసరికి అతని గొంతు తెలియకుండానే పెరిగింది. అతి కష్టం మీద దూరంనుంచి మోసుకొచ్చిన వస్తువేదో ఆమె ఒళ్లో దించుతున్నట్టు చెప్పాడు.

"అంటే, మనది బతికినట్టే కాంతం. ఊపిరితో పని లేదంట. సారే సెప్పినాడు."

ఆమె కళ్లు తడుస్తాయనుకున్నాడు. ఆమె అతని వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా, ఆయాసానికి మాట మాటకీ ఆగుతూ అంది.

"అది తన్నీది. నీ సెయ్యట్టి సూపించినాను గదా. ఇక్కడ. నాకు కూడు సయించకపోతే అదీ తిరిగీది కాదు. సైరను కూస్తే ఉలిక్కిపడీది. నువ్వెరగవేటి?"

"ఎరుగుదును."

"మరి ఇన్నేళ్లూ నానేటి సెప్పినాను? బతికింది, బతికింది అనేగా? నీకు దేవుడికి తెల్సు. పెద్దలకి తెల్సు. ఇయ్యాళ సారుకి తెల్సు." దగ్గు వచ్చింది. ఆగి, మళ్లీ అంది. "కడుపున మోసిన నాకు తెల్దేటి? నాను సెప్తే నమ్మలేదు. గాజుబుడ్డి సెప్తే నమ్మినావా?"

"మరి నువ్వే గదే అడిగిరమ్మన్నావు!"

"నాకోసం కాదు," అంది కాంతం. "నువ్వు నమ్ముతావని."

దయానందానికి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. రోజంతా ముగ్గురి చేతా మూడు రకాలుగా తిట్లు తిన్నట్టుంది. లేచి గుమ్మం దాకా వెళ్లి, చీకటి సందులోకి చూస్తూ నిలబడ్డాడు. రేవులో ఏదో ఓడ కూత వేసింది.

వెనకనుంచి ఆమె, "యూనిసు," అంది.

"ఏటి?"

"దాని పేరు. నాను యూనిసనే పిలుస్తాను. గోడకాడ కూడా అలాగే పిలిసీదాన్ని. నువ్వడగలేదు."

అతను తిరగలేదు. ముఖం అలా పెట్టుకుని తిరగడం ఇష్టంలేకపోయింది. అన్నేళ్లు ఒకే గదిలో ఉండి, తన కూతురి పేరు తను అప్పుడు విన్నాడు. ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. నమ్మకపోవడం కాదు, నమ్మితే ఆ గోడ బయట తవ్విన చేతులతో బతకలేననిపించింది, అందుకని దేవుడి మీద పెట్టేశాను అని చెప్పాలి. అంత పెద్ద మాట అతని నోటికి ఎప్పుడూ రాలేదు. చివరికి చిన్నది దొరికింది.

"నమ్మినానే," అన్నాడు. "అప్పుడే నమ్మినాను. సెప్పలేకపోయినాను."

కాంతం ఏమీ అనలేదు. అలిగిందనుకుని ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. ఈల లాంటి ఆ ఊపిరి వినబడడం లేదని అతనికి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. వెనక్కి వచ్చి చూస్తే ఆమె తల దిండు మీద గుమ్మం వైపే వాలి ఉంది. చెంప మీద చెయ్యి వేశాడు. మడమలు తాకాడు. అవి మాత్రం వెచ్చగానే ఉన్నాయి.

*

మర్నాడు మధ్యాహ్నం మంచు విడిచాక, సమాధుల తోటలో గోడ లోపల కాంతానికి చోటిచ్చారు. భానుమూర్తి సారు వచ్చి, చెప్పులు విప్పి, ఎక్కడ నిలబడాలో తెలియక కొంచెం దూరంగా నిలబడ్డాడు. హరిపదో పారతో మట్టి లాగాడు. గోడ అవతల లారీ బాగుచేస్తున్న సుత్తి చప్పుడు ఆగకుండా వినబడుతోంది.

ప్రార్థన మొదలుపెట్టబోతుంటే దయానందం అయ్యగారి దగ్గరికెళ్లి చెవిలో చెప్పాడు. "రెండు పేర్లు సెప్పండి. కాంతం. యూనిసు."

కృపాకర్ గురువులు వైపు చూశాడు. గురువులు చూపు తిప్పుకోలేదు. అవునని కాదు, కాదని కాదు, తల వంచాడు. అయ్యగారు కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, నీ దాసురాలు కాంతాన్ని, ఆమె కుమార్తె యూనిస్‌ను..." అన్నాడు. గొంతు ఆ రెండో పేరు దగ్గర కొద్దిగా తడబడి, సాగిపోయింది.

అంతే. ఆకాశం విరిగి పడలేదు. పెద్దలెవరూ వెళ్లిపోలేదు. దయానందానికి ఊరట రావాల్సిన చోట మంట రేగింది. ఇంతేనా? ఒక్క మాట. పలకడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఈ కాస్తకా ఆమె అన్ని ఆదివారాలు గోడ బయట నిలబడింది? అందరూ ఆమెన్ అంటుంటే అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికొచ్చాడు. దాలమ్మ పక్కబట్టలు తీసేసి, గది ఊడ్చి, మంచాన్ని గోడకి జరిపి ఉంచింది. ఒక్కటి మాత్రం ఏం చెయ్యాలో తోచక వదిలేసినట్టుంది. ఉత్త నులక మీద, కాళ్ల వైపు, చల్లబడిన నీళ్లతో ఆ రబ్బరు సంచి, రెండు మడమలు ఆనిన చోట లోపలికి నొక్కుకుని, అలాగే ఉంది.